కొంగున ముడేసిన మూతలు

"అదృష్టవంతురాలు. పసుపు కుంకుమలతో పోయింది" అని ఆ వాకిట్లో మొదట అన్నావిడ ఎవరో నాకు తెలీదు. ఆ తర్వాత మాత్రం ఆ మాట ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పాకుతూనే ఉంది. భర్త కన్నా ముందు పోవడం ఆడదానికి వరమట. ఆ భర్త లోపలి గదిలో మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. తలుపు తీసే ఉంది. ప్రతి మాటా ఆయనకి వినబడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

నేను కారు ఏసీలు బాగుచేసేవాణ్ణి. రాయపూర్‌లో తెలీబంధా దాటాక ఒక పెట్రోలు బంకు వెనక మా షెడ్డు. మా నాన్న రైల్వే పనికని శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చాడు, నేను ఇక్కడే పుట్టి పెరిగాను. ఆవిడదీ మా వైపే. ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికుండగా కాలనీలో ఎవరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, ఇప్పుడు నేను ఊరందరికీ చెప్పడం ఎందుకు? "ఏసీ కారావిడ" అనేవాళ్ళు. అందులో ఎంత వెటకారం ఉండేదో అనేవాళ్ళకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. తినడానికి లేకపోయినా ఏసీ కారు షోకు మాత్రం కావాలి అని వాళ్ళ భావం.

ఆ షోకు సంగతి చెప్తాను. ఆవిడ భర్త ఉర్లాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. ఒకరోజు క్రేను నిచ్చెన మీదనుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. మాటా చూపూ మిగిలాయి, భుజాల కింద ఏదీ కదలదు. అంతవరకు అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఏమిటంటే, అలాంటి మనిషికి చెమట పట్టదు. మనకి ఎండ తగిలితే ఒళ్ళు తడిసి చల్లబడుతుంది. ఆయన ఒళ్ళు పొయ్యి మీద పెనంలా వేడెక్కుతూ పోతుంది, అంతే. రాయపూర్ మే నెలలో మామూలు కారులో ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆసుపత్రి చేరేసరికి ఆయన ఉంటాడో లేదో చెప్పలేం. ఒకసారి ఆటోలో తీసుకెళ్ళి ఆవిడ ఆ భయం చూసింది. ఆ తర్వాతే నలభై దాటిన వయసులో డ్రైవింగు నేర్చుకుని, ఎవరో వదిలించుకుంటున్న పాత చిన్న తెల్ల కారు కొనుక్కుంది. ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు. ఏసీ ఆన్ చేయించి, గాలి వచ్చే జాలీకి చెంప ఆనించి చూసి కొన్నదట. చేతికి తెలీదు, చెంపకే తెలుస్తుంది అనేది.

ఆవిడ మొదటిసారి మా షెడ్డుకి వచ్చినప్పుడు నేను బానెట్ ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. సన్నగా, పొడుగ్గా, ఎవరితోనో గొడవ మధ్యలో లేచొచ్చినట్టుండే మనిషి. తనే బానెట్ ఎత్తి, ఏసీ పైపుల మీద ఉండే రెండు ఇత్తడి మూతలూ తన చేత్తో విప్పి, కొంగు చివర ముడేసి, ఆ కొంగు నడుముకి దోపుకుని అప్పుడు పక్కకి జరిగింది.

"ఏటి నాయనా, నువ్వూ గ్యాసు అయిపోయిందనే అంటావేటి?"

"చూడకుండా ఎలా చెప్తానమ్మా?"

"సూడకుండానే సెప్తన్నారు మీవోళ్ళంతా. గ్యాస్ ఖతం, గ్యాస్ భరో. ఏటా ఇదే పాట. గ్యాసేటి పెట్రోలా, మండి అయిపోడానికి? ఎక్కడికో పోతంది. ఎక్కడికి పోతందో సెప్పు, అప్పుడు సెయ్యి పెట్టు."

"మరి ఆ మూతలెందుకు తీసేశారు?"

"మీరు పారేస్తారు కాబట్టి."

నాకు కోపం వచ్చింది. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీ, బోణీ బేరం, దొంగల జాబితాలో నన్నూ కలిపేసింది. కానీ ఆవిడ అన్నది అబద్ధం కాదు. గ్యాసు ఎక్కించే వాల్వుల మూతలు విప్పి ఎక్కడో పెట్టి మరిచిపోవడం మా వృత్తిలో మామూలే. కొత్త బళ్ళయితే పరవాలేదు. పాత బండికి ఆ ఇత్తడి మూత, దానిలోపలి రబ్బరు రింగూ గ్యాసుకి చివరి తలుపు. మా దగ్గర ప్లాస్టిక్ మూతలు గంపెడుంటాయి. అవి దుమ్ము ఆపుతాయి, గ్యాసుని ఆపవు.

సబ్బు నురగ రాసి చూశాను. లావు పైపు మీది వాల్వు దగ్గర చీమ తల అంత బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. ఆవిడ బంపరు పక్కన గొంతుక్కూర్చుని ఆ బుడగలకేసి చూసిన చూపు నాకు గుర్తుంది. ఏళ్ళ తరబడి ఇంట్లో దొంగతనం చేస్తున్నవాడి మొహం చివరికి చూసినట్టు చూసింది.

ఉన్న కాస్త గ్యాసూ సిలిండరులోకి లాగేసి వాల్వు లోపలి పిన్ను విప్పాను. ఇక్కడ కాస్త మా పని గురించి చెప్పాలి. ఏసీ వాల్వులో ఉండే పిన్నూ, కారు టైరులో గాలి ఆపే పిన్నూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. మరలు కూడా ఒకటే, దాంట్లోది దీంట్లో చక్కగా బిగుస్తుంది. తేడా అంతా వాటి రబ్బరులో ఉంది. టైరు పిన్ను రబ్బరు మామూలు గాలికి పనికొస్తుంది. ఏసీ గ్యాసూ నూనే తగిలితే ఉబ్బి, మెత్తబడి, కొన్నాళ్ళకి ఊడిపోతుంది. నా చేతిలోకి వచ్చింది టైరు పిన్ను. ఎవడో అసలు పిన్ను కోసం బజారుకి వెళ్ళే బద్ధకంతో, పక్క పంక్చరు కొట్టులో చెయ్యిపెట్టి తీసుకొచ్చి బిగించాడు. పైన గ్యాసు నింపి పంపాడు. మళ్ళీ ఏడాది మళ్ళీ నింపాడు.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. సాటి పనివాడి తప్పు గిరాకీకి చెప్పకూడదని మాలో ఒక అలవాటుంది. పాడు అలవాటు. చెప్పాను.

ఆవిడ పిన్ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. నేను కొత్త పిన్ను బిగించి, పైపుల్లో గాలీ తేమా లేకుండా లాగేసి, గ్యాసు ఎక్కించి, చెయ్యి చాచితే కొంగు ముడి విప్పి మూతలు ఇచ్చింది. బిగించాక, "ట్రయలుకి ఎల్దాం, ఎక్కు" అంది. ఎక్కాను. ఆవిడ బండి నడిపే తీరు కూడా తగువులాగే ఉండేది. ఎదురుగా వచ్చే ప్రతివాడూ కావాలనే అడ్డం వస్తున్నాడని నమ్మకం. మధ్యమధ్యలో అద్దంలోంచి పైకి చూసి, "ఏటి అలా సూస్తావు? నీకు పనేటి లేదా?" అని సూర్యుణ్ణి తిట్టేది. పక్కింటివాణ్ణి తిట్టినంత చనువుగా తిట్టేది.

కారు తీసుకెళ్ళి సరిగ్గా ఆ టైరు పిన్ను బిగించిన షాపు ముందు ఆపింది. యజమాని కౌంటరు దగ్గర టీ తాగుతున్నాడు, చుట్టూ గిరాకీలున్నారు. ఆవిడ పిన్ను తీసి ఆయన సాసరులో వేసింది.

"యే కిస్‌కా హై?" అని అడిగింది, ఇది ఎవరిదని.

అతను చూశాడు. అది ఏమిటో అతనికి తెలుసు. నవ్వాడు. "అరే మాతాజీ, సబ్ ఏక్ హీ హోతా హై" అన్నాడు. అన్నీ ఒకటేనట.

"ఏక్ హై? తో అప్నే టైర్ మే లగా. మేరా ఆద్మీ టైర్ నహీ హై."

నీ టైరులో పెట్టుకో, నా మనిషి టైరు కాదు. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. గిరాకీల్లో ఒకాయన లేచి, తన బండి బానెట్ తనే ఎత్తి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి ఆవిణ్ణి నేను "పిన్నీ" అన్నాను. ఆవిడ నన్ను "ఏరా దొంగా" అనేది. ఏళ్ళు గడిచినా ఆ పిలుపు మారలేదు, మూతలు నా చేతికి ముందుగా ఇచ్చిందీ లేదు. పని అయ్యాకే ముడి విప్పేది. నన్ను నమ్మలేదని ఒకసారి నిష్ఠూరమాడితే, "మేం నమ్మినోళ్ళే కదరా ఆ క్రేను నిచ్చెనకి రెయిలింగు ఉందన్నారు" అంది. ఆ తర్వాత నేను మూతల ఊసెత్తలేదు.

ఆ కారులో డాష్‌బోర్డు మీద గాలి వచ్చే జాలీలు నాలుగు. వాటిలో మూడు ఎడమవైపుకే, సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టిన భర్త వైపుకే తిప్పి ఉండేవి. నాలుగోది తన తలుపు పక్కన ఉండేది. అది ఎంత తిప్పినా ఆయన దాకా రాదు. అందుకని దాంట్లో తన పాత చీర ముక్క కుక్కేసింది, ఆ గాలి కూడా అటే పోవాలని. బండి లోపల ఆయన చల్లగా ఉంటే, ఆయన పక్కనే ఆవిడ జాకెట్టు తడిసి ముద్దయ్యేది. చూడలేక ఒకసారి ఆ గుడ్డ లాగబోయాను. చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది, చిన్నపిల్లాణ్ణి కొట్టినట్టు.

"నాకు సెమట పడతాది కదరా. ఇంకేటి కావాల?"

ఇక పింఛను ఆఫీసు సంగతి. ఆయనకి నెలనెలా రావలసినది ఆగకుండా ఉండాలంటే ఏడాదికోసారి మనిషిని చూపించాలి. బతికే ఉన్నాడా, ఇంకా అలాగే ఉన్నాడా అని వాళ్ళు కళ్ళతో చూడాలి. చలికాలంలో పిలవొచ్చు. ఒక ఏడు మే నెలలో, అదీ మిట్టమధ్యాహ్నం రమ్మన్నారు. ఆవిడ పొద్దున్నే వచ్చి నాతో వాల్వులు చూపించుకుంది. నురగ రాశాను, బుడగ లేవలేదు. మూతలు బిగించాను.

"నువ్వూ రా. దారిలో సల్లదనం ఆగిపోతే ఎవడొస్తాడు?" అంది. వెనక సీట్లో పనిముట్ల సంచీతో కూర్చున్నాను. ఆయన దారంతా నాతో కబుర్లు చెప్పాడు. మంచి మాటకారి. తన భార్య డ్రైవింగు మీద జోకులు వేశాడు. ఆవిడ నవ్వలేదు గాని స్పీడు తగ్గించింది.

ఆఫీసు మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. ప్యూను కిందికొచ్చి మనిషిని పైకి తీసుకురమ్మన్నాడు. ఇలాంటి మనిషిని తేలేమని నేను చెప్పాను. "తో సాహెబ్ క్యా నీచే ఆయేంగే?" అని వాడు ఎదురు అడిగాడు, సాహెబు కిందికి దిగడమేమిటన్నట్టు. వెళ్ళిపోయాడు. మేం ఎండలో ఇంజను నడుపుతూ కూర్చున్నాం. చాలాసేపు కూర్చున్నాం. ఇంజను వేడి సూది పైకి జరగడం మొదలైంది.  ఇంజను వేడెక్కితే ఏసీ కట్టేయాలి. కట్టేస్తే ఆయన సంగతి ఏమిటి? ఆయన మాటలు ఆపేశాడు. సూది ఆయనకీ కనబడుతోంది.

ఆవిడ గేరు వేసింది. కారుని నేరుగా మెట్ల దగ్గర నీడలోకి, సాహెబు బండి నిలిపే చోటికి తీసుకెళ్ళి ఆపింది. ఆపి, హారను మీద అరచెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు. పైన కిటికీల్లో తలలు కనబడ్డాయి. ప్యూను పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ వాడికేసి చూడనుకూడా లేదు. ఆ పాత కారు హారను పీలగా, ఏడుపు గొంతుతో మోగుతూనే ఉంది. చివరికి సాహెబు దిగాడు, నెత్తిన చేతిరుమాలు వేసుకుని.

"క్యా తమాషా హై యే?"

ఆవిడ చెయ్యి తీసి, భర్త వైపు అద్దం రెండు వేళ్ళంత దించింది. "దేఖ్ లో. జిందా హై." చూసుకో, బతికే ఉన్నాడని.

అద్దం పూర్తిగా దించమన్నాడు. దించనంది, చల్లదనం పోతుందంది. ఏం చేస్తాడు? వంగి ఆ సందులోంచి చూశాడు. ఆయన లోపల్నుంచి నమస్తే సాహెబ్ అన్నాడు. సాహెబు చూడవలసింది చూసేశాడు, కానీ లేవలేదు. ఆ సందులోంచి వస్తున్న చల్లగాలి మొహానికి తగులుతోంది కదా, అలాగే వంగి ఉండిపోయాడు. కళ్ళు కూడా అరమోడ్చాడు. ఆవిడ అది చూసింది. అద్దం ఎత్తేసింది.

"బస్. యే హవా ఇన్‌కీ హై."

చాలు, ఈ గాలి ఈయనది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, వెంటనే ఏదైనా పగలగొట్టాలనీ అనిపిస్తుంది. ఒక మనిషి తన భర్త బతికున్నాడని చూపించడానికి అతన్ని చావు దాకా తీసుకెళ్ళి తేవాలా? ఆ మెట్లు దిగడానికి సాహెబుకి ఏం కష్టం?

ఈ మే నెలలో వాల్వు మళ్ళీ బుడగలు వేసింది. ఈసారి పిన్ను తప్పు కాదు. అప్పట్లో ఎవడో టైరు పిన్నుని బలవంతంగా బిగించి లోపలి అంచు గీరేశాడు, అది ఇన్నాళ్ళకి పని చెప్పింది. "పిన్నీ, వాల్వునే మార్చేద్దాం. పాతది కోసి కొత్తది అతకాలి, బండి ఇక్కడ వదిలెయ్యి, రేపు పొద్దున్న ఇస్తాను" అన్నాను. చాలాసేపు తటపటాయించింది. బండి ఇంట్లో లేకుండా ఒక్క పూట ఉండడం ఆవిడకి భయం. చివరికి ఒప్పుకుంది. మూతలు విప్పి ముడేసుకుంది. ఎడమ భుజం నొక్కుకుంటోంది. ఏమిటంటే గ్యాసంది.

"నీకూ గ్యాసేనా?" అన్నాను నవ్వుతూ.

"నాది లీకవదులే" అని ఆటో ఎక్కింది.

తెల్లారేసరికి పోయింది. గుండె. ఆయన్ని చూసే డాక్టర్లు ఎందరో ఆ ఇంటికి వచ్చి వెళ్ళారు, పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి పట్టుకుని నాడి చూసినవాడు ఒక్కడూ లేడు. చుట్టాలకి ఏసీ కారు కనబడింది, దాన్ని నడిపే మనిషి కనబడలేదు. ఎవరి మీద పడి కొట్టాలో తెలీని కోపం ఇది.

వాల్వు పని ముందురోజు సాయంత్రమే అయిపోయింది. నా దగ్గరున్న ప్లాస్టిక్ మూతలు పెట్టుకుని కారు తీసుకుని వెళ్ళాను. వాకిట్లో ఆవిణ్ణి పడుకోబెట్టారు. అదృష్టవంతురాలనే మాట అప్పుడే మొదలైంది. ఆయన తమ్ముడు బిలాస్‌పూర్ నుంచి వచ్చి పెత్తనం తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ తమ్ముణ్ణి నేను ఆ ఇంట్లో చూడలేదు. గుమ్మంలో నిలబడి లోపలికి చెప్తున్నాడు.

"అన్నియ్యా, ఎండ చూస్తున్నావు కదా. నువ్వు ఘాట్ దాకా ఎందుకు? నీ బదులు నేను చేసేస్తాను. నువ్వు ఇక్కడే ఆరామ్‌గా పడుకో."

"నాను వస్తాను" అన్నాడాయన.

"ఎలా వస్తావు? ఎవరు తీసుకెళ్తారు? వదిన ఉందా ఇప్పుడు?"

అక్కడున్నావిడ ఒకరు, "ఆమె పుణ్యాత్మురాలు నాయనా, నీ చేతుల్లో పోయింది, అదృష్టం" అని ఓదార్చింది.

"నా సేతులా?" అన్నాడు ఆయన. కదలని తన చేతుల కేసి చూసుకున్నాడు. 

ఇక నావల్ల కాలేదు. "ఏం అదృష్టమమ్మా? ఎవరికి అదృష్టం? ఒక్కరోజు ఒక్కరు వచ్చి ఆవిణ్ణి కాసేపు పడుకోమన్నారా?" అని అరిచేశాను. చావింట్లో అలా అరవకూడదని నాకూ తెలుసు. తమ్ముడు నువ్వెవరివి అన్నాడు. ఏసీ మెకానిక్‌నన్నాను. అది విని ఎవరో ముసిముసిగా నవ్వారు కూడా.

"బాబూ, ఇలా రా" అన్నాడాయన. దగ్గరికెళ్ళాను. "బండి తెచ్చీసినావా?"

"తెచ్చాను. వాల్వు మార్చాను."

"మూతలు?"

"నా దగ్గరున్నవి పెట్టాను. ప్లాస్టిక్‌వి."

"అవి వద్దు. దాని కొంగు ముడి సూడు. తానానికి ఎత్తకముందే సూడు."

వాకిట్లోకి వచ్చి ఆ మాట చెప్పాను. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక ముసలావిడ వంగి, కొంగు చివర వెతికి, ముడి విప్పడానికి ప్రయత్నించింది. రాలేదు. అంత గట్టిగా వేసింది. చివరికి పళ్ళతో లాగితే వచ్చింది. రెండు ఇత్తడి మూతలు నా అరచేతిలో పడ్డాయి. అన్నేళ్ళలో ఆవిడ చెయ్యి కాకుండా అవి నా చేతికి రావడం అదే మొదలు. బానెట్ ఎత్తి బిగించాను. బానెట్ మాత్రం దించలేదు, విసిరికొట్టాను. ఆ చప్పుడుకి వాకిలి వాకిలంతా ఉలిక్కిపడింది.

ఆయన్ని సీట్లోకి ఎలా ఎక్కించాలో అక్కడ ఎవరికీ తెలీదు. దుప్పటి ఎటు వెయ్యాలో, ఎవరు ఎటు లాగాలో మంచం మీదనుంచి ఆయనే చెప్పాడు, ఆవిడ మాటల్లోనే, ఆవిడ కసురుకునే గొంతుతోనే. తమ్ముడు కూడా వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు.

ఖారూన్ నది ఒడ్డున, చితి కనబడేలా కారు నిలిపాను. ఇంజను ఆపలేదు. బయట కొరివి పట్టుకున్న తమ్ముడు ఎండకి తూలుతున్నాడు. లోపల మూడు జాలీల గాలీ ఆయన మీదికే వీస్తోంది, సన్నగా, చల్లగా, ఎక్కడా తగ్గకుండా. నా చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. ఆవిడ సీట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన చితి మీదనుంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు.

"నీ పక్కన ఆ గుడ్డ పీకీ బాబూ. ఎన్నేళ్ళ బట్టో మొత్తుకుంతన్నాను, అది వినలేదు."

చీర ముక్క పట్టుకుని లాగేశాను. చల్లగాలి ఒక్కసారిగా మొహానికి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకోకుండా అక్కడే ఉంచాను, ఆవిడుంటే ఫట్‌మని ఒక్కటిచ్చేది.